జాగ్రఫీ మేష్టారి నిద్ర

నర్సీపట్నం హైస్కూల్లో నాతోపాటు పనిచేసిన జాగ్రఫీ మేష్టారు, ఎనభైల్లో ఏటా దసరా సెలవులకి మా కుటుంబాలన్నిటినీ చింతపల్లి వైపు ఒక కొండ ఊరికి తీసుకెళ్లేవారు. "సూసి రావడం కాదండీ, ఉండి రావాలి" అనేవారు. పులిహోర కట్టుకెళ్తామంటే ఒప్పుకునేవారు కాదు. అక్కడి ఇళ్లలోనే బస, వాళ్లు వండిందే భోజనం, పసుపైనా చింతపండైనా వాళ్ల దగ్గరే కొనాలి. మేం నడుం వాల్చేవాళ్లం. ఆయన మాత్రం నీళ్లు కాగాయా, పిల్లలకి దుప్పట్లు చాలాయా అని ఇల్లిల్లూ తిరిగేవారు.

ఒక ఏడు, ఎన్నాళ్లుగానో మంచం పట్టిన ఆయన భార్య పోయి రెండు నెలలే అయింది. ఈసారి మానేద్దామన్నాం.

"వస్తామని సెప్పేశానండీ. వాళ్లు బియ్యం, కోళ్లు సూసుకునుంటారు" అన్నారు.

కొండ ఊరు చేరాక, మేం దిగిన ఇంటి వసారాలో కాసేపని పడుకున్న మనిషికి మర్నాడు మధ్యాహ్నానికీ నిద్ర తీరలేదు. మధ్యలో లేచి కాస్త గంజి తాగి మళ్లీ పడుకున్నారు. తిరుగు బస్సు వేళయింది. నేను లేపబోతే ఆ ఇంటావిడ నా చెయ్యి పట్టుకుంది.

"నేపకండి బాబూ. ఇన్నేళ్లూ మిమ్మల్ని తెచ్చి దింపినారు. ఆయన రావడం ఇదే మొదలు."

బస్సు హారన్ కొట్టి వెళ్లిపోయింది. సెలవులైపోయి తెల్లారితే బడి ఉన్నా ఎవరం కదల్లేదు. సాయంత్రం ఆయన కంగారుగా లేచి, "బస్సెల్లిపోనాదా?" అన్నారు.

"ఎప్పుడో వెళ్లిపోయిందండీ" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, దుప్పటి మెడదాకా లాక్కుని అటు తిరిగి పడుకున్నారు.