బడి బంద్ అయిన ఏడు

నిన్న పొద్దున జగిత్యాలలో మా ఇంట్లో, కోడలు చంటిదానికని పాలపొడి కలిపి పొయ్యి మీద పెట్టి మరిచిపోయింది. ఆ పాలు అడుగంటిన వాసన ముందుగదిలో పేపరు చదువుతున్న నా దాకా వచ్చింది. నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను. కోరుట్లలో మూడో తరగతి చదివిన పెంకుల బడి, దాని వెనక మూడు రాళ్ల పొయ్యి, పొయ్యి మీద పెద్ద గంజు, గంజు ముందు వరుసలో నా పక్కన మోదుగాకు పట్టుకుని నిలబడ్డ హలీమా, అన్నీ ఒక్కసారే కళ్ల ముందుకొచ్చాయి.

ఆ రోజుల్లో బడిపిల్లలకు మధ్యాహ్నం పచ్చపిండి ఉప్మా పెట్టేవారు. ఆ మక్కపిండి, అంటే మొక్కజొన్న పిండి, అమెరికా నుంచి వస్తుందని, కలిసిన రెండు చేతుల బొమ్మ ఉన్న సంచులను చూపించి మా సారు చెప్పేవాడు. వండేది లచ్చవ్వ. ఆమె బడి ఊడ్చేది, గంట కొట్టేది, పదకొండు కాకముందే పొయ్యి వెలిగించి, డబ్బా నూనెలో ఎండు మిరపకాయలు వేసేది. ఆ ఘాటు కిటికీలోంచి లోపలికి రాగానే పలకల మీద బలపాలు ఆగిపోయేవి. వానాకాలంలో తడిసిన కట్టెల పొగా, చలికాలంలో నురగ తేలిన పొడిపాల ఆవిరీ, ఎండాకాలంలో మోదుగాకు మీద వేడి ఉప్మా పడితే లేచే పచ్చి వాసనా ఇప్పటికీ నాకు వేరువేరుగా గుర్తున్నాయి.

హలీమా తండ్రి రాగి గిన్నెలకు కళాయి పూసేవాడు. దగ్గు పట్టి అంతకు రెండేళ్ల ముందే పోయాడు. తల్లి మహబూబ్‌బీ బీడీలు చుట్టి హలీమానూ, ఇద్దరు తమ్ముళ్లనూ సాకేది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఆ పిల్లను మా తెలుగు బడిలో వేయడానికి కారణం ఉప్మాయే. ఆ సంగతి సారుకూ తెలుసు, మాకూ తెలుసు, ఎవరం పైకి అనేవాళ్లం కాదు. హలీమా సగం తిని, మిగిలిన సగం ఆకులో మడిచి తమ్ముళ్ల కోసం దాచేది. అది చూసిన లచ్చవ్వ గంజు కడగమనే వంకతో ఆమెను రోజూ ఆపి, అడుగున మాడిన చెక్క గోకి ఇచ్చేది. ఆ చెక్కలో నాకూ ఒక ముక్క దక్కేది.

మా బాపు తాళ్లెక్కి, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా వాడకట్టూ వాళ్ల వాడకట్టూ ఒక సందు తేడా. పీర్ల పండుగకు వాళ్లింట్లో మలీద ముద్దలు చేస్తే మాకు వచ్చేవి. సద్దుల బతుకమ్మ నాడు మా అవ్వ చేసిన మలీద, నువ్వుల సద్ది వాళ్లకు వెళ్లేవి. రెండిళ్ల మలీదలోనూ బెల్లం ఒక్కటే, రొట్టె ఒక్కటే, అయినా హలీమా మా ఇంటిదే బాగుంటుందనేది, నేను వాళ్లదే బాగుంటుందనేదాన్ని. తంగేడు పూలకు పోయినా, అరుగు మీద కచ్చకాయలు ఆడినా ఇద్దరమే. ఐదు రాళ్లు ఎగరేసి అరచేతి వెనక పట్టడంలో ఆమెను గెలిచినవాళ్లు లేరు. ఆ వేళ్లలో అంత చురుకు ఉండేది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. ముందు కాలేజీలు, తర్వాత పెద్ద బడులు, ఆఖరికి మా పెంకుల బడి కూడా మూతపడ్డాయి. మా బడికి తాళం వేయించిన వాళ్లలో మా బాపు ముందున్నాడు. నౌకర్లన్నీ బయటివాళ్లకే పోతున్నాయనీ, మన పిల్లలు చదివినా తాడెక్కాల్సిందేననీ ఆయన కడుపులో మంట. ఆ రోజు నేను బాపు చెయ్యి పట్టుకుని గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. హలీమా కూడా అన్నది. లెక్కల దెబ్బలు తప్పాయని ఇద్దరం సంబరపడ్డాం.

మాకు సెలవులు బాగానే గడిచాయి. ఎండలు ముదిరాక బాపు తాటిగెలలు దించేవాడు. ముంజలు జుర్రుకుని, బుర్రలతో బండ్లు చేసుకుని సందుల్లో తిరిగేవాళ్లం. మొదట్లో హలీమా వచ్చేది. తర్వాత సాయంత్రాలే వచ్చేది. కొన్నాళ్లకు రావడం మానేసింది. వెతుక్కుంటూ పోతే, తల్లి పక్కన ఒడిలో చాట పెట్టుకుని, తడి తునికాకును కత్తెరతో కత్తిరిస్తూ కనిపించింది. "కచ్చకాయలకు రావా?" అంటే తల ఎత్తకుండా, "గీ ఆకంత అయినంక అస్త, సత్తీ" అన్నది. ఆకు ఏ రోజూ అయిపోలేదు.

ఒకనాటి పొద్దున బాపు తాళ్ల నుంచి వచ్చి చెట్టెక్కే మోకుతాడు గోడకు తగిలిస్తుండగా లచ్చవ్వ మా వాకిట్లోకి వచ్చింది. పిండి సంచులన్నీ బడిలో అట్లాగే ఉన్నాయని, రోజూ ఒక పూట వండనివ్వమని సారును అడిగిందట. హాజరుపట్టీ లేకుండా పిండి తీయకూడదన్నది రూలు, పైగా బడి తెరిస్తే ఊళ్లోవాళ్లు ఊరుకోరు అని ఆయన భయపడ్డాడట.

"నువ్వొక మాటంటే సారు ఇంటడు తమ్మీ" అన్నది లచ్చవ్వ. "సదువు చెప్పమంటలేను. పొయ్యి ఒక్కటి ఎలిగిస్త."

బాపు కాళ్లు కడుక్కుంటూ చెప్పాడు. "బడిల పొగ లేస్తే బడి నడుస్తుందనే అంటరు లచ్చవ్వా. రెండు నెలలు ఓపిక పట్టాలె. మన రాష్ట్రం అచ్చిందనుకో, మన పోరగాండ్లకు నౌకర్లయితయి, ఇంటింటికి అన్నం అదే అస్తది. గప్పుడు గీ పచ్చపిండి ఎవలకు గావాలె?"

"నువ్వన్నది నిజమే కావచ్చు. గని, మహబూబ్‌బీ పిల్ల నిన్న మా ఇంటికచ్చి, గంజు కడుగుత అని నిలవడ్డది. మాసిన గంజేది తమ్మీ, కడుగుటానికి?"

బాపు చెంబు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. నేను గడప మీద ఉన్నాను. హలీమా బీడీలు చుడుతోందని బాపుకు తెలియదు, నాకు తెలుసు. చెప్పి ఉంటే బాపు మనసు మారేదేమో. పొయ్యి వెలిగితే మళ్లీ బడి మొదలవుతుందేమోనని భయపడి నోరు మెదపలేదు. లచ్చవ్వ కొంగు దులుపుకుని వెళ్లిపోయింది.

రెండు నెలలన్నది చాలా నెలలైంది. రాష్ట్రం రాలేదు. ఉద్యమం చల్లబడ్డాక బడి తెరిచారు. సంచులు విప్పితే పిండి గడ్డలు కట్టి, పురుగు పట్టి, ఎలుకలు కొరికి కంపు కొడుతోంది. సారు బడి వెనక గుంత తవ్వించి పారబోయించాడు. కాసేపటికి మహబూబ్‌బీ చాట పట్టుకుని వచ్చి, గుంత ఒడ్డున కూర్చుని, పైపై పిండి తీసి చెరగడం మొదలుపెట్టింది. మేమంతా కిటికీలోంచి చూస్తున్నాం. మోకు భుజాన వేసుకుని తాళ్లకు పోతున్న బాపు కూడా చూశాడు. ఆయన ఆ రోజు చెట్టెక్కలేదు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని హలీమా ఇంటికి వెళ్లాడు. "చెల్లె, బడి తెరిసిండ్రు. పిల్లను పంపు" అన్నాడు.

మహబూబ్‌బీ పీట వేసి, నెమ్మదిగా చెప్పింది. "పంపాల్ననే ఉంటది అన్నా. ఇప్పుడు దాని చేతికి పని అచ్చింది. అది చుడ్తెనే చిన్నోల్లు ఇంత తింటున్నరు. బడి మల్ల బంద్ అయితే ఏం జెయ్యాలె? బీడీల కార్ఖానా బంద్ కాదు గద."

"తప్పయింది చెల్లె" అన్నాడు బాపు.

"నీదేం తప్పు? అందరు మంచిగుండాల్ననే గద చేసిండ్రు."

హలీమా ఒక్కసారి నావైపు చూసి, బీడీ తల మడిచి పక్కన పెట్టి, ఇంకో ఆకు అందుకుంది. అంతే, ఆమె మళ్లీ బడికి రాలేదు. పదిహేనేళ్లు నిండీ నిండకముందే సిరిసిల్ల సంబంధం చేశారు.

నేను చదువుకుని పంతులమ్మనయ్యాను. ముందు సంపద పెరగాలి, అందరికీ పెట్టడం తర్వాత సంగతి అని పెద్దవాళ్లు సభల్లో చెబుతుంటే నాకు చెంబు పట్టుకుని నిలబడ్డ మా బాపే కనిపిస్తాడు. ఆయన చెడ్డవాడు కాదు. రేపటి మీద ఆయనకు అంత నమ్మకం. ఆ రేపు వచ్చేలోగా ఈ పూట దాటలేనివాళ్లు దానికి అందకుండా పోతారని ఆయనకు ఆ గుంత దగ్గర తెలిసింది. రెండోసారి ఉద్యమం వచ్చి బడులు బంద్ అయినప్పుడు నేను రాయికల్‌లో పనిచేస్తున్నాను, సమ్మెలోనూ ఉన్నాను. మంచం పట్టిన బాపు నన్ను పిలిచి ఒకటే అడిగాడు. "పిలగాండ్లకు అన్నమెట్ల బిడ్డా?" ఆ సమ్మె రోజుల్లో పాఠాలు లేవు గానీ, మేం నలుగురం కలిసి బియ్యం తెచ్చి బడి వెనక పొయ్యి ఆరకుండా చూశాం. రాష్ట్రం రావడం చూడకుండానే బాపు పోయాడు.

కిందటి నెల పెళ్లికని సిరిసిల్ల వెళ్లి, అడ్రసు కనుక్కుని హలీమా ఇంటికి వెళ్లాను. కొడుకు కరెంటు సాంచాల మీద బడిపిల్లల యూనిఫారం బట్ట నేస్తున్నాడు. సర్కారు ఆర్డరు ఉన్న నెలల్లో ఇంట్లో నిమ్మళం, లేని నెలల్లో లేదు. మనవరాలు హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. హలీమాకు బీడీ పింఛను వస్తోంది. చూపు ఆనడం లేదు. కోరుట్ల కబుర్లు అడిగింది. పెంకుల బడి కూలగొట్టి దుకాణాలు కట్టారని, మా తాళ్లున్న చోట ప్లాట్లయ్యాయని, లచ్చవ్వ పేరు చెబితే గుర్తుపట్టేవాళ్లు కూడా లేరని చెప్పాను. అంతా విని చిన్నగా నవ్వింది.

"నాకు ఎక్కాలు సగమే అచ్చు సత్తీ. సారు ఏడో ఎక్కం చెప్పుకుంట ఉండంగ బంద్ అయింది. ఏడు ఐదుల ముప్పై ఐదు. గాడికే."

ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఎక్కాలు చెప్పినదాన్ని, ఏడు ఆరుల నలభై రెండు అని అందించబోయి ఆగాను. ఆమె చెయ్యి తీసుకుని నా ఒడిలో పెట్టుకున్నాను. పక్క గదిలో సాంచాల చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.