పక్క కుర్చీ కోసం నొక్కిన బటన్

మా కంట్రోల్ రూమ్‌లో ఆమెను అందరూ అక్క అనే పిలిచేవారు. ఆమెకంటే నాలుగు నెలలు పెద్దవాడైన సూపర్‌వైజర్ కూడా అక్కా అనేవాడు, మాకు నవ్వొచ్చేది. ఊరికి నీళ్లు పంపే ప్లాంటులో ఇరవై రెండేళ్లుగా తెర ముందు కూర్చున్న మనిషి. ఏ మోటారు ఎప్పుడు మొరాయిస్తుందో అంకెలు చూసి చెప్పేసేది. మాలో ఎవరికి తలనొప్పిగా ఉందో మొహం చూసి చెప్పేసేది.

మా పని వినడానికి తేలిక. ప్లాంటులో ఎక్కడ తేడా వచ్చినా, ఆ విభాగం చూసేవాడి తెర మీద ఎర్రగా వెలిగి కూత పెడుతుంది. వాడు ‘చూశాను’ అనే బటన్ నొక్కి కూత ఆపి, అక్కడి మనిషికి ఫోన్ చెయ్యాలి. మూడు నిమిషాల్లో నొక్కకపోతే ఆ అలారం పక్క కుర్చీకి పోతుంది. అక్కడా దిక్కు లేకపోతే ఆరో నిమిషంలో సూపర్‌వైజర్ గదిలో మోగుతుంది. ఒకరు కాకపోతే ఒకరు పట్టుకుంటారని చేసిన ఏర్పాటు.

దానికి మా సూపర్‌వైజర్ తన తెలివి జోడించాడు. కుర్చీ దాటిన ప్రతి అలారానికీ ఆ కుర్చీవాడి పేరు పక్కన ఒక ఎర్రగీత. నెలలో మూడు పడితే ఊరి బయటి పంపుహౌస్‌కి బదిలీ. ఆయన బుర్రకు దండం పెట్టాలి. ఆ రోజు నుంచి మేం అలారాలను కాదు, ఒకరి గీతలను ఒకరం కాచుకోవడం మొదలుపెట్టాం. పక్కవాడు లేచి వెళ్తే, మూడు నిమిషాలు నిండకముందే చెయ్యి చాచి వాడి బల్ల మీది బటన్ నొక్కేసేవాళ్లం. వాడు రాగానే ఫలానాది వచ్చిందని చెప్పేవాళ్లం. దీనికి ‘చెయ్యెయ్యడం’ అని పేరు కూడా పెట్టుకున్నాం. నేనూ వేశాను, నాకూ వేశారు. ఇందులో తప్పుందని ఒక్కరికీ తట్టలేదు.

అక్క పక్క కుర్చీ బక్కోడిది. ఆ పేరు అక్కే పెట్టింది. అతని భార్యకు నెలలు నిండాయి. ఆ నెల అప్పటికే రెండు గీతలు పడ్డాయి. మూడోది పడితే ఆమెను ఒక్కదాన్నే ఇంట్లో వదిలి పంపుహౌస్‌కి పోవాలి.

ఆ మధ్యాహ్నం అతనికి ఫోన్ వచ్చింది. గదిలో సొంత ఫోన్లు మాట్లాడకూడదు.

“అక్కా, ఇంటి నుంచి. కాస్త చూస్తూ ఉండు.”

“వెళ్లరా, వెళ్లు. పుట్టేదానికి నీ ఒళ్లు మాత్రం రాకుండా చూసుకో,” అంది అక్క. అతను నవ్వుతూ వరండాలోకి పరిగెత్తాడు.

కాసేపటికి అతని తెర మీద క్లోరిన్ గది అలారం వచ్చింది. నీళ్లను శుభ్రం చేసే గ్యాసు సిలిండర్లు ఉండే గది అది. ఆ వారంలోనే ఏడుసార్లు ఊరికే కూసింది. అక్క గడియారం చూసి, చెయ్యి చాచి నొక్కింది. సరిగ్గా అప్పుడే ఆమె తెర మీద పెద్ద పైపు పగిలిన అలారం వెలిగింది. ఫోన్ అందుకుని వాల్వులు మూయించే పనిలో పడిపోయింది. బక్కోడు తిరిగొచ్చేసరికి తెర ప్రశాంతంగా ఉంది. కూర్చున్నాడు. మూడో కుర్చీలో నేను అంతా చూస్తూనే ఉన్నాను. నా నోరు పడిపోయిందా? అక్క చెప్పే ఉంటుందిలే అనుకున్నాను.

రోజూ ఆ వేళకు ఒక ఫిట్టర్ క్లోరిన్ గదికి సిలిండర్ మార్చడానికి వెళ్తాడు. ఆ రోజూ వెళ్లాడు. ఈసారి గ్యాసు నిజంగానే కారుతోంది. వెళ్లొద్దని అతనికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ప్రాణమైతే దక్కింది కానీ ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి.

విచారణలో రికార్డు తీస్తే బక్కోడి బల్ల, బక్కోడి పేరు.

“నేనే నొక్కి ఉంటానండి,” అన్నాడు చేతులు కట్టుకుని. “రోజుకి వంద నొక్కుతాం. ఫోన్‌కి ముందో, తర్వాతో... గుర్తు లేదు.”

చెయ్యని తప్పును చేశానని నమ్మేశాడు పాపం. ఉద్యోగం ఊడినట్టే. అక్క రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలు. విచారణ గది గుమ్మం దగ్గర నేనామె చెయ్యి పట్టుకుని, “ఊరుకో అక్కా” అన్నాను. ఆ మాట అన్నందుకు ఈ రోజుకీ సిగ్గుపడతాను. ఆమె చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్లింది.

“అది నొక్కింది నేనండి.”

“మీరెందుకు నొక్కారు?”

“వాడికి గీత పడుతుందని.”

ఆమె ఉద్యోగం ఆ పూటతో సరి. బక్కోడు వరండాలో కూలబడి ఏడ్చాడు.

మర్నాడు అక్క ఆస్పత్రికి బయలుదేరింది. ఒంటరిగా పంపడానికి మనసొప్పక నేనూ వెళ్లాను. ఫిట్టర్ ముక్కుకు గొట్టంతో నిద్రపోతున్నాడు. ప్రతి శ్వాసకూ ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. మంచం పక్కన అతని భార్య ఉంది. అక్క ఆమెకు ఒక్క ముక్క దాచకుండా జరిగిందంతా చెప్పింది. తిడుతుందనుకున్నాను, తిట్టినా బాగుండేది. ఆమె ఒక మాట అడిగింది.

“మీరు దాన్ని ముట్టుకోకుండా వదిలేసుంటే ఏమయ్యేదండీ?”

నేను తల వంచుకున్నాను. అక్క ఆమె కళ్లలోకే చూసింది.

“ఆరో నిమిషానికి సూపర్‌వైజర్ గదిలో మోగేదమ్మా. ఆయన ఆపించేవాడు. మీ ఆయన లోపల అడుగుపెట్టింది పదకొండో నిమిషంలో.”

“అంటే అయిదు నిమిషాల ముందే తెలిసేదా?”

“అవునమ్మా,” అంది అక్క. “అయిదు నిమిషాల ముందే.”