వంటింట్లోకి వచ్చిన చెప్పులు

పొద్దున మా మనవడు బంతాట ఆడొచ్చి, మడమ ఆనించకుండా మునివేళ్ల మీద నడుస్తుంటే అరవైల నాటి మా రేపల్లె ఇల్లు కళ్లముందు నిలిచింది. వేడి ఇటుక మీద జిల్లేడాకు పరిచి మడమ పెట్టమనేవాళ్లు, గుర్తుందా మీకు? కమిలిన ఆ ఆకు వాసన నాకింకా గుర్తే.

పన్నెండేళ్ల నాకు బాపట్ల పోటీల్లో పరుగెత్తాలని పట్టుదల. మడమ నొప్పితో అడుగు పడేది కాదు. "నటిస్తోంది" అన్నారు డ్రిల్లు మాస్టారు. ఆ కోపం నాకిప్పటికీ పోలేదు.

ఇటుక కాచి కాచి విసిగి నాయనమ్మ నన్ను తెనాలి డాక్టరు గారికి చూపించింది.

"ఎదిగే ఎముకండి మామ్మగారూ. ఇంకా లేత. గంతులేస్తే అక్కడ లాగుతుంది. కొన్నాళ్లు పరుగు మాన్పించి, పిక్కలు సాగదీయించండి. ఇంట్లో కూడా మెత్తటి చెప్పులు వెయ్యండి, గచ్చు మీద ఉత్తకాళ్లతో వద్దు."

"మళ్లీ పరిగెడుతుందా బాబూ?"

"పరిగెడుతుందండి."

ఆ ఏటి పోటీలు పోయాయి కానీ మరుసటి ఏడు పరుగెత్తాను.

మా ఇంట్లో చెప్పులు గడప దాటేవి కావు. అన్నయ్య తెచ్చే హేతువాద కరపత్రాలు చదివి మడి మీద నాయనమ్మతో రోజూ పోట్లాడేదాన్ని. ఆవిడ ఒక్కనాడూ లొంగలేదు. తెనాలి నుంచి వచ్చిన మర్నాడు అన్నానికి పిలిస్తే, డాక్టరు గారు చెప్పారని ఇంట్లో వేసుకున్న కొత్త చెప్పులు వంటింటి గుమ్మం దగ్గర విప్పబోయాను.

మడిచీరతో పీట వాలుస్తూ నాయనమ్మ తలెత్తింది.

"ఇన్నాళ్లూ ఆచారాలొద్దని అరిచావుగా, ఇప్పుడాగావేంటే? వేసుకునే రా, అన్నం చల్లారుతోంది."