మాట అందించే మావయ్య

మా మావయ్యకి నాటకాల్లో ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. ఈ ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఆయన జనానికి కనిపించలేదు. ఆయన ప్రాంప్టరు. తెర పక్కన స్టూలు వేసుకుని, స్క్రిప్టు ఒళ్లో పెట్టుకుని, నటుడు ఎక్కడ ఆగిపోతే అక్కడ తర్వాతి మాట అందిస్తాడు. ఆ మాట నటుడికి వినపడాలి, ముందు వరసలో కూర్చున్నవాళ్లకి వినపడకూడదు. ఈ విద్యలో ఎంత ఆరితేరాడంటే, ఇంట్లో కూడా అలాగే మాట్లాడతాడు. ఉప్పు కావాలన్నా అత్తయ్య చెవి దగ్గరికొచ్చి అడుగుతాడు. పోస్టాఫీసు కౌంటర్లో పనిచేసినన్నాళ్లూ జనం అద్దానికి చెవి ఆనించి నిలబడేవాళ్లట.

ఆయనకి ఇంకో జబ్బు కూడా ఉంది. ఎదుటి మనిషి మాట్లాడుతూ ఊపిరి తీసుకుంటే చాలు, మిగతాది ఆయన అందించేస్తాడు. "నిన్న బజారుకి వెళ్తే అక్కడ..." అని అత్తయ్య మొదలుపెట్టగానే "మీ చెల్లెలు కనిపించింది" అంటాడు. నూటికి తొంభైసార్లు సరిగ్గానే చెప్తాడు. అత్తయ్యకి ఒళ్లు మండేది అందుకే. "పెళ్లయినప్పటి నుంచి ఒక్క మాట నేను పూర్తిగా చెప్పిన పాపాన..." అని ఆవిడ నా దగ్గర వాపోతుంటే, పక్క గదిలోంచి "పోలేదు" అని వినిపించింది.

మహమ్మారి వచ్చి మా హాస్టలు మూసేశారు. ఒక సూట్‌కేసూ, ఒక లాప్‌టాపూ పట్టుకుని నేను వీళ్లింటికి చేరాను. నాది బీమా కంపెనీలో ఫోన్లకి జవాబు చెప్పే ఉద్యోగం. వంటింటి బల్ల నా ఆఫీసు అయింది. రెండు వారాలే కదా అనుకున్నది నెలలు పట్టింది.

అదే సమయంలో మావయ్య వాళ్ల నాటక సంఘం హాలుకీ తాళం పడింది. ఆ సంగతి మా వీధిలో ఎవరూ పట్టించుకోలేదు. అసలు హాలు తెరిచి ఉండేదన్న సంగతే వాళ్లకి తెలియదు. ఏడాదికి రెండు నాటకాలు వేసేవాళ్లు, నటుల చుట్టాలు వచ్చి చూసేవాళ్లు, అదీ మొహమాటానికి. నేను మూడుసార్లు వెళ్లాను. రెండుసార్లు నిద్రపోయాను, ఒకసారి మాత్రం రాజుగారు నిద్రపోనివ్వలేదు.

రాజుగారంటే మా ఎదురింటి రెండో అంతస్తులో ఉండే రిటైరైన బస్సు కండక్టరు. రాజు వేషాలు వేసీ వేసీ అసలు పేరు మరుగున పడిపోయింది. నిండు బస్సులో డ్రైవరు దాకా వినిపించేలా కేకలేసి పెంచుకున్న గొంతు ఆయనది. మైకు పెడతామంటే అవమానంగా భావించేవారు. లోటు ఒక్కటే. ప్రతి నాటకంలోనూ, మంచి పట్టులో ఉండగా, ఠక్కున ఆగిపోయేవారు. మావయ్య మాట అందిస్తే మళ్లీ అందుకునేవారు. ఇద్దరూ చిన్నప్పటి నుంచి స్నేహితులు. ఆయనకి గొంతుంది, జ్ఞాపకం లేదు. మావయ్యకి జ్ఞాపకముంది, గొంతు లేదు. ఇద్దర్నీ కలిపితే ఒక నటుడు తయారవుతాడని అత్తయ్య అంటుండేది.

ఆ రాజుగారికి జబ్బు తగిలింది. ఇరవై రోజులు ఆస్పత్రిలో ఉండి, సగం మనిషై తిరిగొచ్చారు. గొంతు పీలగా, ఈల వేసినట్టు వస్తోంది. ఆ గొంతు ఒక్కసారి తన చెవినే పడేసరికి సిగ్గుపడిపోయి, ఆ రోజు నుంచి నోరు మెదపడం మానేశారు.

ఆయన కూతురు ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. ఓ సాయంత్రం మెడలో టేపుతోనే బాల్కనీలోకి వచ్చి మావయ్యని పిలిచింది. "బాబాయ్, డాక్టరుగారు రోజూ గట్టిగా మాట్లాడించమన్నారు. ఊపిరితిత్తులకి పని చెప్పకపోతే ఇంకా నీరసించిపోతాయట. ఈయనేమో నీళ్లు కావాలన్నా చెయ్యి ఊపుతున్నారు. నేను బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. గోడకి చెప్పినట్టుంది. ఇలాగే ఉంటే నాన్న మంచం దిగరు బాబాయ్."

మావయ్య ఏదో అన్నాడు. ఆ అమ్మాయికి వినపడలేదని నేను గట్టిగా అరిచి చెప్పాను: "రేపు ఐదింటికి ఆయన్ని కిటికీ దగ్గర కూర్చోబెట్టమంటున్నాడు!"

మర్నాడు ఐదింటికి మావయ్య స్టూలు తీసుకెళ్లి బాల్కనీలో వేసుకున్నాడు. స్క్రిప్టు తెరిచాడు. అది వాళ్ల సంఘంలో ఎవరో మాస్టారు రాసిన నాటకం. యుద్ధంలో సర్వం పోగొట్టుకున్న రాజు చిరుగుబట్టలతో తన కోటకే తిరిగొస్తాడు, కాపలాదారుడు గుర్తుపట్టక తలుపు తియ్యడు. రాజుగారు ఎక్కువసార్లు వేసిన వేషం అదే.

రెండు బాల్కనీల మధ్య చెత్తబండి పట్టేంత వీధి ఉంది. గుసగుసలు అంత దూరం వెళ్లవు. అరవడం మావయ్యకి చేతకాదు. అందుకని గుసగుసనే కేక వేశాడు. అదెలా ఉంటుందో చెప్పలేను. కుక్కరు కూత వేయబోయి మనసు మార్చుకున్నట్టు ఉంటుంది.

"కాపలాదారుడా... తలుపు..." అని అందించి, మూడు అంకెలు లెక్కపెట్టుకుని ఆగాడు. ఎదురింటి కిటికీలో రాజుగారి వీపు కనిపిస్తోంది. అది కదల్లేదు. మావయ్య తర్వాతి మాట అందించాడు. మళ్లీ ఆగాడు. అలా అరగంట. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నోట్లో నాలుక లేని మనిషికి ఇంత మొండితనం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు.

నా ఉద్యోగం ఊడేటట్టుంది మొర్రో అన్నాను. ఫోన్లో అవతలివాళ్లకి నా వెనక నుంచి "నా కిరీటం..." అని వినిపించేది. ఓ పెద్దాయన తన పాలసీ సంగతి మాట్లాడటం అయ్యాక, "అమ్మాయ్, ఇంతకీ ఆ కిరీటం ఏమైంది?" అని అడిగాడు. నదిలో పోయిందండీ అన్నాను. "అయ్యో పాపం" అని నొచ్చుకుని ఫోను పెట్టేశాడు. రెండు రోజులకి మళ్లీ చేసి, రాజు లోపలికెళ్లాడా లేదా అని అడిగాడు.

వీధి కూడా మొదట్లో ఒంటికాలి మీద లేచింది. మా పై అంతస్తులో లెక్కల టీచరు ఆన్‌లైనులో పాఠాలు చెప్పుకుంటుంది. "మీ నాటకం వల్ల మా పిల్లలు త్రిభుజానికి మూడు కోట తలుపులంటున్నారండీ" అని కిందికి చూసి కేకలేసింది. కింద సెలూను అతను మాత్రం ఏమీ అనలేదు. షాపు మూతబడి, గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాడు పాపం. నాలుగో రోజు షట్టరు సగం ఎత్తి, కుర్చీ బయటికి లాక్కుని వింటూ కూర్చున్నాడు. ఆరో రోజు, "సార్, ఆ కాపలాదారుడి మాటలు ఎవరూ చెప్పట్లేదు, వెలితిగా ఉంది. నేను చెప్పనా?" అన్నాడు. మావయ్య ఆ మాటలు కాగితం మీద రాసి, తాడు కట్టిన బుట్టలో కిందికి దించాడు.

రెండో వారానికి ఐదయ్యేసరికి బాల్కనీలన్నీ నిండిపోయేవి. మావయ్య "నా కిరీటం..." అని అందించగానే పదిహేను బాల్కనీల నుంచి "నదిలో పోయింది!" అని వచ్చేది. అన్నేళ్లు హాల్లో ఖాళీ కుర్చీలకి నాటకం వేసినవాళ్లు, హాలుకి తాళం పడ్డాక జనాన్ని సంపాదించారు. టీచరు కూడా దిగొచ్చింది. ఐదింటికల్లా పాఠం ముగించేసి, "సైన్యాధిపతి వేషం ఖాళీగా ఉందా?" అని అడిగింది. వీధి వీధంతా రాజు మాటలు చెప్తోంది. చెప్పనిది రాజొక్కరే.

అప్పుడు మావయ్య ఒక పని చేశాడు. పదహారో రోజనుకుంటాను. స్క్రిప్టు ఒళ్లోనే ఉంది, కళ్లజోడు కళ్లకే ఉంది. "నా గుర్రం నదిలో పోయింది" అన్నాడు.

వీధి తెల్లబోయింది. అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. ముప్పై ఏళ్లలో మావయ్య తప్పు మాట అందించడం ఎవరూ ఎరగరు.

"నా గుర్రం నదిలో పోయింది" అన్నాడు మళ్లీ, ఇంకాస్త ధీమాగా.

ఎదురింటి కిటికీలో వీపు తిరిగింది. "గుర్రం కాదురా" అని ఈల లాంటి గొంతు వినిపించింది. "కిరీటం."

"స్క్రిప్టులో గుర్రమే ఉంది" అని మావయ్య అబద్ధమాడాడు.

రాజుగారు లేచారు. గోడ పట్టుకుని, తలుపు పట్టుకుని, బాల్కనీ దాకా వచ్చారు. కోపంతో గడ్డం వణుకుతోంది. "కిరీటం... నదిలో. గుర్రం... దారిలో. తెలిసిందా?" ఆయన వెనక కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అవతల ఎవరో పాలసీదారు హలో హలో అంటూనే ఉన్నాడు.

ఆ పూట మావయ్య భోజనం సరిగ్గా చెయ్యలేదు. "నువ్వు కావాలనే చేశావు కదా, మావయ్యా? గెలిచావుగా!" అన్నాను. "అయినా తప్పు తప్పేనే. అంతమందికి వినపడేలా తప్పు అందించాను" అని కంచంలోకి చూస్తూ గొణిగాడు. ఇలాంటి మనిషితో ఏం వేగుతాం?

ఆ తర్వాత రాజుగారు రోజుకి రెండు మాటలు, నాలుగు మాటలు, మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటూ చెప్పసాగారు. ఓ ఆదివారం ఐదింటికి నాటకం మొత్తం, ఎవరి బాల్కనీలో వాళ్లుండి, వేసేద్దామని వీధి తీర్మానించింది. చివరి పెద్ద ప్రసంగం మాత్రం సాయంత్రాల్లో ఎప్పుడూ పూర్తిగా కాలేదు, అంతవరకూ ఊపిరి మిగిలేది కాదు. "ఆ రోజు చెప్తాను" అన్నారు రాజుగారు. ఆయన కూతురు పాత కర్టెన్లతో వేషం కుట్టింది. చిరుగుబట్టలు కుట్టమంటే చేతులాగక, చిరుగులకి కూడా అంచు మడిచి కుట్టింది.

ఆదివారం వచ్చింది. సెలూను అతను షట్టరు ముందు చీపురు కర్ర ఈటెలా పట్టుకుని నిలబడ్డాడు. టీచరు యుద్ధం ఎలా ఓడిపోయామో అంకెలతో సహా చెప్పింది. రాజుగారు బాగానే నడిపించుకొచ్చారు. పాత గొంతు కాదు, అయినా వీధి ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ప్రతి మాటా వినిపించింది. చివరి ప్రసంగం మొదలైంది.

"నా కిరీటం నదిలో పోయింది. నా గుర్రం దారిలో పడిపోయింది. నా..."

ఆగిపోయారు. ఇది మామూలుగా ఆగడం కాదు. ఛాతీ ఎగిసిపడుతోంది.

"నా జెండా" అని మావయ్య అందించాడు. మూడు అంకెలు. "నా జెండా." మళ్లీ మూడు. "నా జెండా." రాజుగారు అడ్డంగా తలూపారు. హాల్లో అయితే మూడుసార్లు అందించాక తెర దించేస్తారు. ఇక్కడ దించడానికి తెర లేదు. ఆయన మెల్లగా లోపలికి తిరిగారు. ఇప్పుడు లోపలికి వెళ్తే ఈ మనిషి మళ్లీ బయటికి రారని నాకు తెలిసిపోయింది.

మావయ్య లేచాడు. స్టూలు వెనక్కి పడింది. "నా జెండా గాలికి చిరిగిపోయింది!" అని గొంతెత్తి అన్నాడు. నిజంగా గొంతెత్తి. మా ఇంట్లో ఎవరం ఎప్పుడూ వినని గొంతది. గొప్పగా ఏమీ లేదు, పోస్టాఫీసు గొంతే. "నన్ను గుర్తుపట్టేవాడు... ఈ కోటలో..."

అక్కడ కళ్లెత్తి చూశాడు. వీధి వీధంతా తనవైపే చూస్తోంది. ముప్పై ఏళ్లలో ఆయన్ని అలా ఎవరూ చూడలేదు. స్క్రిప్టు స్టూలుతో పాటే కింద పడిపోయింది. అందరి మాటలూ కంఠతా వచ్చిన మా మావయ్య నోరు తెరిచి, మూసి, నీళ్లు నమిలాడు.

"ఒక్కడైనా..." అని ఎదుటి నుంచి వినిపించింది.

రాజుగారు మళ్లీ మావైపు తిరిగి ఉన్నారు.

"ఒక్కడైనా ఉంటాడని వచ్చాను" అన్నాడు మావయ్య.

రాజుగారు ఊపిరి తీసుకున్నారు. "తలుపు..."

"తలుపు తియ్యకపోయినా ఫరవాలేదు."

"లోపలి నుంచి..."

"లోపలి నుంచి ఒక్కసారి నన్ను పేరు పెట్టి పిలవండి, చాలు."

అలా చివరిదాకా నడిచింది. ఒక్కో మాట, మధ్యలో ఊపిరి. మాట అందించడానికి పెద్ద గొంతు అక్కర్లేదు. ఏ గొంతుకి సిగ్గుపడి ఆయన మంచం పట్టారో, ఆ గొంతు ఈ పనికి సరిగ్గా సరిపోయింది. సెలూను అతను "మహారాజా!" అని పిలిచి చీపురు కర్ర పక్కన పడేశాడు. చప్పట్లు చాలాసేపు ఆగలేదు. నేను ఏడ్చాను, దాచడం ఎందుకు.

చప్పట్లు సద్దుమణిగాక మావయ్య బాల్కనీ గోడ మీదికి వంగి, "ఒరేయ్, నీకు మొత్తం వచ్చా?" అని అడిగాడు.

"వచ్చు" అన్నారు రాజుగారు.

"ఎప్పటి నుంచి?"

"మొదట్నుంచీ."

"మరి ప్రతి నాటకంలోనూ ఎందుకురా ఆగిపోయేవాడివి? నా ప్రాణాలు తోడేశావు కదరా!"

రాజుగారు కుర్చీలో కూర్చుని, రెండుసార్లు నిదానంగా ఊపిరి తీసుకున్నారు.

"నేను ఆగకపోతే," అన్నారు, "నాటకంలో నీకు వేషమేముందిరా?"