ఎర్ర సున్నాలోని ముల్లు

మా పవర్ ఎలక్ట్రానిక్స్ సార్ మొన్న ఉదయం వడమాలపేటలోని తమ ఇంట్లో కన్నుమూశారు. కబురు క్లాసు గ్రూపులో వచ్చింది. దాని కిందే ఒకడు, "ఇంక గ్రాఫు పేపర్లు కొనే పని లేదబ్బా" అని పెట్టాడు. కొందరు నవ్వు బొమ్మలు పెట్టారు. నేను పెట్టలేదు. అంతమాత్రాన నేను మంచిదాన్ని కాను.

సార్ ల్యాబులో సర్క్యూట్లను కంప్యూటర్ మీదే నడిపించేవారు. "ఈడ ఎన్నిసార్లు కాల్చినా పొగ రాదు, కాల్చుకోండప్పా" అనేవారు. షరతు ఒక్కటే. రన్ నొక్కే ముందు, కరెంటు ఎట్లా పెరిగి ఎట్లా తగ్గుతుందో గ్రాఫు పేపరు మీద చేత్తో గీయాలి. తప్పు గీసినా సగం మార్కులిచ్చేవారు. గీయకుండా నొక్కితే సున్నా.

ఒకసారి నేను హాస్టల్లో ముందే రన్ నొక్కి, తెర మీది గీతను పేపరు మీదికి దించాను. సార్ దాన్ని క్లాసంతటికీ ఎత్తి చూపించి, గీత మీద పొడుచుకొచ్చిన చిన్న మొన చుట్టూ ఎర్ర సున్నా చుట్టారు.

"ఈ ముల్లు యాడిది పాపా?"

"సర్క్యూట్లోదే సార్."

"సర్క్యూట్లో ఇట్లాంటిది రాదు. కంప్యూటరు పెద్ద పెద్ద అంగలేసి లెక్క కట్టి, ఆడ తప్పింది. దాని తప్పును గూడా కాపీ కొట్టినావే! మీ నాయన పలమనేరులో ఆవులు మేపి నిన్ను సదివిస్తాండేది దీనికేనా?"

క్లాసంతా నవ్వింది. నన్ను తిడితే ఓర్చుకునేదాన్ని. నాయనను లాగారు.

ఆ సాయంత్రమే ఫీడ్‌బ్యాక్ ఫారాలు ఇచ్చారు. పేరు రాయక్కర్లేదు. మాటల మీద నాకు కొత్తగా ప్రేమ పుట్టిన రోజులవి. నాలుగుసార్లు కొట్టేసి చెక్కుకున్నాను: 'గీతలు నేర్పే చెయ్యి సుద్దముక్కనే నిలబెట్టుకోలేదు. ఆ వణుకును మేము పాఠమనుకోవాలా?'

సార్ చెయ్యి జబ్బుతో వణికేదని అందరికీ తెలుసు.

తర్వాతి నెల ఆ ల్యాబుకు ఇంకొకరు వచ్చారు. సార్‌ను లైబ్రరీకి మార్చారు. క్షమించమని అడగాలని, ఈసారి నిజంగా నా తలలోంచి వచ్చిన గీత గీసి, అక్కడికి పట్టుకెళ్లాను.

"ఫారంలో ఆ మాట నువ్వు రాసిందే గదా?" అన్నారు సార్.

నేను కాగితాన్ని ఆయన ముందుకు పట్టాను.

"అది మాత్రం యాడా కాపీ కొట్టలేదులే. బాగా రాసినావు."

కాగితం కోసం చెయ్యి చాపలేదు. పుస్తకాల వైపు తిరిగిపోయారు.

ఇప్పటికీ రన్ నొక్కబోతే నా చెయ్యి ముందు పెన్సిల్ కోసం పోతుంది. ఈ రోజు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాను. ఆయన చూడని దాని మీద ఏ గుర్తూ లేదు. ఇంకోదాని మీద ముల్లు చుట్టూ తిరిగిన ఎర్ర సున్నా ఉంది. అది వణుకుతూ బయలుదేరి, వణుకుతూ తిరిగి, మొదలైన చోటును అందుకోలేక పక్కకు జారిపోయింది.