గుట్టల మీద సైకిల్ నడిపిన మా బావ

పోయిన గురువారం పొద్దున ఎల్లారెడ్డిలో మా బడి ప్రార్థన ఇంకా ముగియలేదు, అక్క ఫోన్ చేసింది. "మీ బావ పోయిండే చెల్లె" అంది. అంతే. ఈ మాట వస్తుందని ఏడాదిన్నరగా తెలుసు. తెలిసి ఉండటం వల్ల ఒరిగిందేమీ లేదు. పిల్లలు వరుసల్లో నిలబడి నా వంకే చూస్తుంటే, వాళ్లను తరగతుల్లోకి పంపాలన్న సంగతి కూడా తోచక నిలబడిపోయాను.

కామారెడ్డిలో, చుట్టుపక్కల ఊళ్లలో గుట్టల మీద సైకిల్ తొక్కేవాళ్లందరికీ ఆయన గురువు. నాకు అక్క మొగుడు. మేస్త్రీ పనికని మస్కట్ వెళ్లి, అక్కడ కొండల్లో తిరిగేవాళ్లకు సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణంలో మెకానిక్‌గా తేలాడు. చాలా ఏళ్ల తర్వాత ఇంటికి వచ్చేటప్పుడు పెద్ద అట్టపెట్టె వెంట తెచ్చాడు. అందరం టీవీ అనుకున్నాం. విప్పితే, ముందు చక్రానికి స్ప్రింగుల కాళ్లు, కాకరకాయ మీది బొడిపెల్లాంటి బొడిపెలున్న లావు టైర్లు.

"ఏందయ్యా, సముద్రం దాటి సైకిల్ మోసుకొస్తివా? కామారెడ్డిల సైకిళ్లు దొరుకుతలేవా?" అని అక్క తల పట్టుకుంది.

"గుట్టెక్కేది దొరకదే. సూస్తవుగా," అన్నాడు బావ.

మర్నాడే ఎల్లారెడ్డి రోడ్డు మీద అడవి మొదలయ్యే చోటికి వెళ్లి, మేకలు కాసేవాళ్లను తోవలు అడగడం మొదలుపెట్టాడు. "మేక ఎక్కిన కాడికి సైకిల్ ఎక్కుతది" అనేవాడు. మొదట ఆయన ఒక్కడే. తర్వాత ఎరువుల దుకాణం సేటు ఆయన వెంట పడ్డాడు. ఆ పైన మాచారెడ్డి నుంచి డిగ్రీ చదివే అమ్మాయి వచ్చింది. చూస్తుండగానే ఆదివారం పొద్దున ఇరవై సైకిళ్లు అక్క ఇంటి ముందు ఆగడం మొదలైంది. బయలుదేరే ముందు బావ ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి, గదవ కింద హెల్మెట్ పట్టీలో రెండు వేళ్లు దూర్చి చూసేవాడు. మూడో వేలు దూరితే పట్టీ బిగించేదాకా కదలనిచ్చేవాడు కాదు.

నేను చేరింది ముప్పై ఎనిమిదో ఏట. ముగ్గులు వేస్తే నడుము పడుతోందని ఫిర్యాదు చేస్తే, "సైకిలెక్కు మరదలా, నడుము సంగతే మర్సిపోతవ్" అన్నాడు. మొదటి రోజే ఒక గుండురాయిని గుద్దుకుని ముళ్లపొదలో పడ్డాను. లేపడానికి రాలేదు. సైకిల్ మీద ఒక కాలు ఆనించి, "లేస్తవా, ఆన్నే పండుకుంటవా?" అని అడిగాడు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తర్వాత పక్కన కూర్చుని మోచేతిలోంచి ముళ్లు తీస్తూ చెప్పాడు. "నువ్వు రాయినే సూసుకుంట వచ్చినవ్. దేన్ని సూస్తే సైకిల్ గాన్నికే పోతది. రాయిని ఇడిషిపెట్టి సందును సూడు."

ఆ వానాకాలం నేను గుట్ట మీదినుంచి మొదటిసారి పడకుండా దిగాను. కింద వాగులో నీళ్లు మోకాళ్లదాకా చిమ్మాయి. ముఖమంతా బురద. కడుపులోంచి వచ్చిన నా అరుపు విని మేకలు చెదిరిపోయాయి, కాపరి తిట్టాడు. అక్క కట్టిచ్చిన సర్వపిండిని ఆ బురద చేతులతోనే తిన్నాం. బడి, ఇల్లు తప్ప మరేదీ ఎరగని నాకు అంత సంతోషం ఉంటుందని అప్పటిదాకా తెలియదు. ఆ సంతోషం నాకు ఇచ్చింది ఆయనే.

నిరుటి ముందటేడు ఒక ఆదివారం అదే దిగుడులో బావ పడ్డాడు. కళ్లు మూసుకుని దిగగలిగే తోవ అది. నవ్వుతూ లేచాడు. "బ్రేకు వట్టిన. వేళ్లు ఇనలేదు," అన్నాడు. మేమూ నవ్వాం. తర్వాత పానా చేతిలోంచి జారడం మొదలైంది. ఆ తర్వాత చొక్కా గుండీలు అక్క పెట్టాల్సి వచ్చింది.

హైదరాబాద్‌లో డాక్టరు చాలా నెమ్మదిగా చెప్పాడు. కండలను కదిలించే నరాలు ఒక్కటొక్కటే చచ్చిపోతున్నాయట. బుద్ధి చెక్కుచెదరదట. వెనక్కి తిప్పే మందు లేదట. అక్క నమ్మలేదు. దర్గాకు, గుడికి, పసరు మందులవాళ్ల దగ్గరికి తిరిగింది. ఒకనాడు నేనూ, "బావా, రాయిని సూడకు, సందును సూడు" అన్నాను. ధైర్యం చెప్పాననుకున్నాను. ఆయన నా ముఖం చూసి, "సందు లేదు మరదలా," అన్నాడు. కోపంగా కాదు. తోవ అడిగితే చెప్పినట్టు. అలా ఎందుకన్నానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను.

చేతులు పోయాక నా చేతులతో పని చేయించాడు. కుర్చీలో కూర్చుని చైను చప్పుడు విని, "ఎన్క స్క్రూ అర సుట్టు తిప్పు. ఎక్కువైంది, జెర ఇటు" అనేవాడు. చప్పుడు కుదురుకోగానే కళ్లతో నవ్వేవాడు.

ఆయన్ను ఒక్కసారి గుట్ట దగ్గరికి తీసుకుపోవాలని సేటు పట్టుబట్టాడు. ట్రాలీ ఆటోలో పరుపు వేసి, దిండ్లు పేర్చి కూర్చోబెట్టాం. వెనక కూర్చుని అక్క ఆయన తల కదలకుండా పట్టుకుంది. మిగతావాళ్లం సైకిళ్ల మీద వెంట వెళ్లాం. తారు రోడ్డు మీద బాగానే ఉన్నాడు. అడవి తోవలోకి తిరగగానే మెడ నిలబడలేదు. ప్రతి గుంతకూ తల ఊగిపోతోంది, అక్క చేతులు ఆపలేకపోతున్నాయి. ఆయన పళ్ల బిగువున కాసేపు ఓర్చుకున్నాడు.

"ఆపుండ్రి. నాతోని అయితలేదు," అన్నాడు చివరికి.

గుట్ట ఇంకా కనబడలేదు. ఆటో వెనక్కి తిప్పాం. సేటు సైకిల్ పక్కన పడేసి ఒక చెట్టు వైపు తిరిగి ఏడ్చాడు. ఇరవై మందిమి ఉన్నాం, ఒక్కరమూ ఏమీ చేయలేకపోయాం.

మాట కూడా పోయాక మాచారెడ్డి అమ్మాయి ఒక అట్ట మీద అక్షరాలు రాసి తెచ్చింది. వేలు పెట్టి ఒక్కొక్కటే చూపిస్తూ పోవాలి. కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప కొడతాడు. నీళ్లు, దుప్పటి, ఈగ - ఇలాంటివి చెప్పగలిగేవాడు. పోయిన నెల ఒక మధ్యాహ్నం నన్ను పదే పదే చూస్తుంటే అట్ట తీశాను. 'చె' దగ్గర రెప్ప కొట్టాడు. తర్వాతి అక్షరం ఎంతకూ దొరకలేదు. సైకిల్ చెయినా? చెయ్యి నొస్తుందా? చెల్లె అనా? చెట్టా? దేనికీ రెప్ప పడలేదు. మళ్లీ మొదటి నుంచి చూపించాను. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. అలసిపోయి కళ్లు మూసుకున్నాడు. మర్నాడు అడిగితే ఇక చెప్పడానికి ప్రయత్నించలేదు. ఆ మాటేమిటో నాకు ఎప్పటికీ తెలియదు.

గురువారం సాయంత్రం పాడె లేచే వేళకు అందరూ వచ్చారు. ఎవరూ అనుకోకపోయినా అందరూ సైకిళ్లతోనే వచ్చారు. వచ్చాక ఏం చేయాలో ఎవరికీ తోచలేదు. శవం వెనక తొక్కుకుంటూ పోవడం బాగుండదు. విడిచి పోవడానికి మనసొప్పలేదు. హ్యాండిళ్లు పట్టుకుని నడిపించుకుంటూ వెంట వచ్చారు. డప్పులవాళ్లు దింపుడుకల్లం దగ్గర ఆగారు. పాడె దించి, చెవి దగ్గర మూడుసార్లు పిలిచారు. పిలిచినా పలకలేదు. మళ్లీ భుజాలకెత్తుకుని కదిలారు. డప్పులు వెంటనే మొదలుకాలేదు. ఆ నిశ్శబ్దంలో వెనక నుంచి ఒక సన్నని చప్పుడు వినిపించింది. టిక్ టిక్ టిక్ టిక్.

"ఏం సప్పుడే అది?" అని అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది.

తొక్కకుండా నడిపిస్తే వెనక చక్రాలు చేసే చప్పుడు అది. ఒక్క సైకిల్‌దైతే వినబడదు. ఇరవై సైకిళ్లు, ఆయన వెనకాల, నడక వేగంతో.