నేను అడగని అభిప్రాయం

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు నా పక్కన కూర్చుని టీవీలో ఒక సినిమా పెట్టింది. భార్య పోయిన ఒకాయన, ఆమె చావుకు డాక్టరే కారణమని మనసులో పెట్టుకుని, ఆ డాక్టరు ఇంటికి ఎదురుగా అద్దెకు దిగి, కిటికీలోంచి రోజూ అతన్ని గమనించే కథ. సగం అయ్యేసరికి ఆ పిల్లకు విసుగొచ్చి, ఫోను తీసి చూసినవాళ్ల అభిప్రాయాలు పైకి చదవడం మొదలుపెట్టింది. ఒకరు మూడు స్టార్లు ఇచ్చారు. ఒకరు రెండో సగం ల్యాగ్ అన్నారు. ఇంకొకరు, పోయిన భార్య గదిలో ఆయన ఊరికే కూర్చునే సీను తీసేస్తే సినిమా పరుగెత్తేది అని రాశారు. ఆ మాట విన్నాక నేను మంచినీళ్లకని లేచి వంటింట్లోకి వెళ్లాను. ఆ వాక్యం నాకు కొత్త కాదు. ఇంచుమించు అవే మాటలు నలభై ఏళ్ల కిందట నేనే రాశాను.

అప్పట్లో నేను ఒక సినిమా పంపిణీ సంస్థకు రిప్రజెంటేటివ్‌ని. నా వయసువాళ్లకు ఈ ఉద్యోగం గుర్తుండే ఉంటుంది. రీళ్ల పెట్టెలతో పాటు థియేటరుకు చేరడం, ఆట ఆటకీ హాల్లో వెనకాల నిలబడి జనం ఎక్కడ ఈల వేశారో, ఎక్కడ లేచి బీడీ కాల్చుకోవడానికి బయటికి పోయారో చూడటం, ఆట వదిలాక గేటు దగ్గర కాపు వేసి బొమ్మ ఎలా ఉందని అడగడం, అదంతా కాగితం మీద పెట్టి బెజవాడ ఆఫీసుకు పంపడం. దాన్ని టాక్ అనేవాళ్లం. రిపోర్టు కాగితం మీద నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, లేడీస్ అని వరసలు అచ్చువేసి ఉండేవి. ఒక్కో వరస ఎదురుగా ఆ తరగతి వాళ్లు ఏమన్నారో రాయాలి. విశాఖపట్నంలో టాక్ రాబట్టడం కష్టం కాదు. పోర్టులో మూటలు మోసి వచ్చినవాళ్లు, జాలరిపేట నుంచి ఖాళీ గంపలతో మ్యాటినీకి వచ్చే ఆడవాళ్లు, స్టీలు ప్లాంటు పనులకని ఎక్కడెక్కడి నుంచో కొత్తగా దిగిన ఇంజనీర్లు, ఎవరి భాషలో వాళ్లు మనసులో మాట మొహం మీదే చెప్పేసేవారు.

ఆ ఏడాది వానాకాలంలో వచ్చిన బొమ్మ మా సంస్థ తీసుకునే రకం కాదు. అందులో పాటలు లేవు. కొడుకు పోయిన ఒక తల్లి, ఆ ఈడు పిల్లవాణ్ని ఒకణ్ని వీధిలో చూసి, వీడే నా బిడ్డ అనుకుని, వాళ్ల ఇంటి చుట్టూ తిరిగి, చివరకు వాణ్ని ఎత్తుకుపోతుంది. ఎత్తుకుపోయినప్పటి నుంచీ హాలంతా ఊపిరి బిగబట్టి చూసేది. చిక్కల్లా విశ్రాంతి అయిన వెంటనే వచ్చే సీనుతోనే. ఆ తల్లి పొద్దున్నే లేచి టిఫిను డబ్బా సర్ది, మేకుకు తగిలించిన కొడుకు చొక్కాకు కింది నుంచి పైకి ఒక్కొక్క బొత్తం పెట్టి, కాలరు సరిచేసి, వీధి గుమ్మం దాకా వచ్చి వాణ్ని బడికి పంపుతున్నట్టు ఎవరూ లేని దారివైపు చెయ్యి ఊపుతుంది. మాట లేదు, సంగీతం లేదు, గోడ గడియారం చప్పుడు తప్ప. ఆరేడు నిమిషాలుండేది. నేల టిక్కెట్టు వాళ్లు మూడో బొత్తానికే గోల మొదలుపెట్టేవాళ్లు.

“బడి గంట కొట్టీసినారు, బేగి ఒగ్గీయే తల్లీ!”

పోర్టులో పనిచేసే ఒకతను గేటు దగ్గర అన్న మాట నాకు ఎంత నచ్చిందంటే, దాన్ని ఉన్నదున్నట్టు రిపోర్టులోకి ఎక్కించాను. “ఏడవడానికి ఇంటికాడ సోటు నేదేటి బావా, ఇక్కడికొచ్చి ఏడవాలా?”

మా ఇంట్లో నిజంగానే చోటు లేదు. కంచరపాలెంలో రైలు పట్టాల వెనక రెండు గదుల ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, నేను ఉండేవాళ్లం. అన్నయ్య పోర్టులో క్రేను నడిపేవాడు. అంతకు ముందు వేసవిలో వాళ్ల ఆరేళ్ల కొడుకు జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. అన్నయ్య వాడి చొక్కాలూ పలకా అన్నీ తీసుకెళ్లి తోటి పనివాళ్ల పిల్లలకు ఇచ్చేసి, ఇంట్లో ఇక వాడి పేరు ఎత్తకూడదన్నాడు. అది కఠినత్వం కాదు, ఆయనకు తెలిసిన మందు అదొక్కటే. అమ్మ మాత్రం, దీపాల వేళ కన్నీళ్లు పెడితే ఇంటికి మంచిది కాదని వదినను కసిరేది. నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నా గుణం. దాన్నే చాలాకాలం మంచితనం అనుకున్నాను.

రెండో వారంలో ఒక బుధవారం మ్యాటినీలో గేటు మనిషి నన్ను మోచేత్తో పొడిచాడు. లేడీస్ వైపు చివరి వరసలో ఒకామె వారంలో రెండు మూడుసార్లు వస్తోందని, ఆ సీను అయిపోగానే లేచి వెళ్లిపోతోందని చెప్పి, తలుపు తెర కాస్త పక్కకు లాగాడు.

“సూడు బావా, ఆయమ్మ గాలికి బొత్తాలెడతన్నాది. ఒక టిక్కెట్టుకి రెండు బొమ్మలు మనకి!”

తెర మీది వెలుగులో వదిన కనిపించింది. ఇంట్లో మార్కెట్టుకని చెప్పి వచ్చినట్టుంది, సంచీ పక్కన పెట్టి ఉంది. ఆమె చేతులు ఒళ్లో కదులుతున్నాయి, కింది నుంచి పైకి, ఒక్కొక్క బొత్తం. ముఖం తడిసి ఉంది గానీ నెలల తరబడి ఇంట్లో నేను చూసిన ముఖం కాదది. తేలికపడ్డ మనిషి ముఖం. ఆమె మా వదినని గేటు మనిషికి నేను చెప్పలేదు. అతను నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. రెండో సగం మొదట్లో బడికి పంపే సీను ల్యాగ్, జనం ఎగతాళి చేస్తున్నారు, తీసేస్తే బొమ్మ పరుగెత్తుతుంది అని. ఇందులో అబద్ధం లేదు, జనం ఎగతాళి చేసిన మాట నిజమే. కానీ నేను ఆ మాట రాసింది బొమ్మ కోసం కాదు. ఆ సీను లేకపోతే వదిన రాదు, వదిన రాకపోతే ఆమె మా వదినని ఎవరో ఒకరోజు కనిపెట్టి నలుగురిలో నన్ను అడిగే పరిస్థితి రాదు. ఇక లేడీస్ వరస మిగిలింది. ఆ సీనులో అటువైపు నుంచి ఒక్క నవ్వూ రాలేదని, పైట చెంగులు కళ్లకు వెళ్లేవని రెండు వారాలుగా చూస్తూనే ఉన్నాను. “లేడీస్: చెప్పుకోదగ్గది ఏమీ లేదు” అని రాసి సంతకం పెట్టాను.

మూడో రోజుకి కత్తిరించమని టెలిగ్రాం వచ్చింది. ప్రొజెక్టరు నడిపే ఆపరేటరు అది చూసి, “ఇదేటి పెద్ద పని బావా, కోసీసి అతికించీడమే” అని, టీ చల్లారేలోపు పని ముగించాడు. కోసిన ముక్కను చుట్టి డబ్బాలో పెడుతూ, మళ్లీ కావాలంటే ఎప్పుడైనా అతికించవచ్చని కూడా అన్నాడు.

ఆ శనివారం వదిన వచ్చింది. విశ్రాంతి తర్వాత నేరుగా వీధిలో పిల్లవాడు ఆడుకునే సీను వచ్చింది. ఆమె లేవలేదు. ఆ సీను ఇంకా వస్తుందేమోనని ఆట వదిలేదాకా కూర్చుంది. మర్నాడు పెరట్లో బట్టలు ఆరేస్తూ, నా వైపు చూడకుండానే, ఎవరో చూసొచ్చి చెప్పిన మాటలా అడిగింది.

“బడికి పంపిన ముక్క ఇప్పుడు ఆడ్డం నేదంట. ఏటయింది బాబూ?”

రీలు తెగిపోయిందన్నాను.

“అతికించరా?”

అతకదన్నాను. ఆపరేటరుకు ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఆఫీసుకు మళ్లీ రాయాలి, నా టాక్ తప్పని ఒప్పుకోవాలి. నేను రాసే టాక్‌కు తిరుగుండదని పేరు తెచ్చుకుంటున్న రోజులవి.

నాలుగో వారం చివర బొమ్మ ఎత్తేశారు. పెట్టెలు స్టేషనుకు పంపి ఇంటికి వచ్చి అన్నం తింటున్నాను. అన్నయ్య డ్యూటీలో ఉన్నాడు, అమ్మ పక్కింట్లో ఉంది. వదిన మజ్జిగ పోస్తూ, కోపం లేని గొంతుతో అంది.

“గేటుకాడ అందర్నీ అడగతావు కదా బాబూ, బొమ్మెలాగుందని. నన్నొక్కపాలైనా అడగనేదేటి?”

ఆమె నన్ను చూసిందని, ఆ తలుపు తెర వెనక నవ్విన ఇద్దరిలో నేనొకణ్నని ఆమెకు తెలుసని అప్పుడు అర్థమైంది. ఇంటి మనిషివి, నిన్నేమని అడుగుతాను అన్నాను.

“అడిగితే సెప్పుదును” అని గిన్నె తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆమె ఇంకే సినిమాకీ వెళ్లలేదు. దాదాపు ముప్ఫై ఏళ్లు బతికింది, నా పెళ్లికి పెద్దరికం చేసింది, నా పిల్లలను ఎత్తుకుంది. తప్పు ఒప్పుకోవడానికి నాకు ముప్ఫై ఏళ్లు దొరికాయి. ఆమె మరచిపోయి ఉంటుందని నాకు నేనే చెప్పుకుంటూ గడిపేశాను.

నా భార్య పోయి పదకొండు నెలలైంది. ఆవిడకు కాకరకాయంటే ఇష్టం, నేను నోట పెట్టను. అయినా గోపాలపట్నం మార్కెట్టుకు వెళ్లినప్పుడల్లా లేతవి ఏరి అరకిలో తెస్తున్నాను, ఎందుకు తెస్తున్నానో ఇంటికొచ్చి సంచీ దింపేదాకా నాకే తెలియడం లేదు. మా కోడలు వాటిని చూసి ఏమీ అనకుండా సర్దిపెడుతుంది. ఎవరైనా నవ్వితే ఎలా ఉంటుందో ఇప్పుడు ఊహించగలను.

ఆ థియేటరు ఇప్పుడు లేదు, ఆ ఉద్యోగమూ లేదు. గేటు దగ్గర నిలబడి అడిగేవాడి కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు, ఎవరి అభిప్రాయం వాళ్లే రాసి లోకానికి చెబుతున్నారు. నచ్చని సీనును వేలితో దాటేస్తున్నారు, నచ్చినదాన్ని వెనక్కి జరిపి ఎన్నిసార్లయినా చూసుకుంటున్నారు. వదిన చూసుకోవలసింది అలాగే, ఎవరి కంటా పడకుండా. మొన్న వంటింట్లోంచి తిరిగి వచ్చాక మనవరాలు, తాతయ్యా నువ్వెన్ని స్టార్లు ఇస్తావని అడిగింది. నాకు తెలియదన్నాను. భార్య గదిలో ఆయన కూర్చునే సీను మాత్రం ఒకసారి వెనక్కి జరిపి పెట్టమన్నాను. పెట్టింది. పూర్తయ్యేదాకా ఇద్దరం చూశాం.